తొంభై మాత్రల సంచి: అప్పగింత కేసులో ఎంబసీ ఆశ్రయం ఆలోచన

ఈ కేసు గురించి రాయడానికి కక్షిదారు ఒప్పుకున్నారు. ఆయన పేరు, ఊరు, వ్యాపారం, ఆయనను అప్పగించమని అడిగిన దేశం ఇక్కడ కనిపించవు. గుర్తుపట్టే వీలున్న చిన్న వివరాలు కొన్ని మార్చాను. ఏ దశలో ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాశాను. అప్పగింత కేసులో చిక్కుకుని మన ఊళ్ల నుంచి ఢిల్లీ వచ్చే కుటుంబాలకు చట్టం గురించి తెలుగులో చెప్పేవాళ్లు సులువుగా దొరకరు. మధ్యవర్తులు మాత్రం వెంటనే దొరుకుతారు.

నేపథ్యం

కక్షిదారు వయసు అప్పటికి 46. ఇంజనీరుగా విదేశానికి వెళ్లి, పదేళ్లు ఉద్యోగం చేసి, అక్కడి మనిషి ఒకరితో కలిసి చిన్న కంపెనీ పెట్టారు. భాగస్వామితో పొసగక, వాటా వదులుకుని ఇంటికి వచ్చేశారు. వచ్చిన రెండేళ్లకు ఆయనను అప్పగించమని ఆ దేశం మన ప్రభుత్వాన్ని కోరింది. మొత్తం 5 అభియోగాలు. బ్యాంకును మోసగించడం, దొంగ పత్రాలు తయారు చేయడం వాటిలో బరువైనవి.

మన దగ్గర ఇలాంటి కేసులు 1962 నాటి అప్పగింత చట్టం కింద నడుస్తాయి. విదేశీ ప్రభుత్వం దౌత్య మార్గంలో విన్నపం పంపుతుంది. విదేశాంగ శాఖ దాన్ని చూసి, విచారణ జరపమని సెక్షన్ 5 కింద మేజిస్ట్రేట్‌ను ఆదేశిస్తుంది. మా కేసు ఢిల్లీలోని పాటియాలా హౌస్ కోర్టుకు వచ్చింది. ఈ విచారణలో నేరం చేశాడా లేదా అన్నది తేల్చరు. ప్రాథమికంగా కేసు ఉందా, అది అప్పగించదగిన నేరమేనా అన్నంతవరకే చూస్తారు. సుప్రీంకోర్టు 2007లో సరబ్‌జిత్ రిక్ సింగ్ కేసులో ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. ప్రాథమిక ఆధారాలు ఉన్నాయని మేజిస్ట్రేట్ అనుకుంటే నిందితుడిని జైలుకు పంపి, కేంద్రానికి నివేదిక ఇస్తారు. అప్పగించాలా వద్దా అన్న తుది నిర్ణయం కేంద్రానిది.

ఆయన 3 నెలలు తీహార్ జైలులో ఉన్నాక బెయిల్ వచ్చింది. పాస్‌పోర్టు కోర్టుకు ఇచ్చేయాలి, అనుమతి లేకుండా ఢిల్లీ దాటకూడదు, ప్రతి సోమవారం పోలీసు స్టేషన్‌లో సంతకం పెట్టాలి, ఇద్దరు జామీను ఉండాలి. అందులో ఒకరు ఆయన బావమరిది. తన కూతురి పెళ్లికని దాచిన ఫిక్స్‌డ్ డిపాజిట్ పత్రాన్ని ఆ బావమరిది కోర్టులో పెట్టారు. ఆ పత్రం సంగతి మళ్లీ వస్తుంది.

మొదట చేసినవి, చెడినవి

మొదట సెక్షన్ 5 ఆదేశాన్నే హైకోర్టులో సవాలు చేశాం. విన్నపం వెంట వచ్చిన కాగితాల్లో లోపాలు ఉన్నాయి కాబట్టి విచారణ మొదలే కాకూడదన్నది మా వాదన. ఇప్పుడే రావడం తొందరపాటు, ఆ లోపాలు మేజిస్ట్రేట్ ముందే చూపించుకోండి అని కోర్టు పంపించేసింది. ఆ ఫలితం నేను ఊహించగలిగినదే. అయినా ప్రయత్నించాను. కుటుంబం ఏదో ఒకటి చేయమని ఒత్తిడి పెడుతున్నప్పుడు, ఏమీ చేయకుండా ఆగడమే సరైన పని అని చెప్పే ధైర్యం నాకు ఉండాల్సింది.

రెండో తప్పు నాదే. సెక్షన్ 31 ప్రకారం రాజకీయ స్వభావమున్న నేరానికి ఎవరినీ అప్పగించకూడదు. పాత భాగస్వామికి అక్కడి అధికార పక్షంతో చుట్టరికం ఉంది. పత్రికల కత్తిరింపులు పోగుచేసి, ఇది రాజకీయ కేసని వాదించాను. మేజిస్ట్రేట్ ఒకే ప్రశ్న అడిగారు: "రాజకీయం నేరంలో ఉందా, ఫిర్యాదు చేసిన మనిషిలో ఉందా?" నా దగ్గర జవాబు లేదు. బ్యాంకు అప్పు కోసం దొంగ ఇన్వాయిస్ పెట్టారన్న అభియోగం ఎవరు ఫిర్యాదు చేసినా రాజకీయ నేరం అయిపోదు. విన్నపం వెనుక దురుద్దేశం ఉందని చెప్పదలిస్తే దానికి సెక్షన్ 29 వేరే ఉంది. సద్భావంతో చేయని విన్నపమైనా, రాజకీయ కారణాలతో చేసినదైనా, అప్పగించడం అన్యాయమైనా నిందితుడిని వదిలేసే అధికారం కేంద్రానికి ఉంది. రెండింటినీ కలిపేసి, సరైన వాదనను సరికాని చోట ఖర్చు చేశాను.

ఈ రెండు దెబ్బల తర్వాత ఆయన నాతో మాట్లాడటం తగ్గించారు. అది గమనించాను కానీ పట్టించుకోలేదు.

సంచి

బెయిల్ మీద బయటికొచ్చిన పద్నాలుగో నెల. శుక్రవారం వాయిదా ముగిశాక, ఎప్పటిలాగే దగ్గర్లోని ఆంధ్రా భవన్‌కు భోజనానికి వెళ్లాం. ఆయన అన్నం కలిపారు గానీ తినలేదు. భార్య ఒళ్లో ఒక సంచి ఉంది.

"మేడమ్, సోమవారం సంతకం పెట్టి, అటునుంచి అటే వెళ్లిపోతాను," అన్నారు ఆయన.

"ఎక్కడికి?"

"చాణక్యపురికి."

ఢిల్లీలో ఎంబసీలు ఉండేది అక్కడే. ఆమె సంచి తెరిచి చూపించారు. ఒక దుప్పటి, రెండు జతల బట్టలు, రెండు కళ్లజోళ్లు, ఫోను చార్జరు, రబ్బరు బ్యాండు వేసిన బీపీ మాత్రల షీట్లు. ఆమె ముందే లెక్కపెట్టి ఉంచారు. తొంభై. మూడు నెలలకు సరిపోతాయి. అప్పటికి అంతా సర్దుకుంటుందని మధ్యవర్తి చెప్పాడట. లాటిన్ అమెరికా దేశం ఒకదాని ఎంబసీలో ఆశ్రయం ఇప్పిస్తానని అతను అప్పటికే అడ్వాన్సు తీసుకున్నాడు.

ఒక న్యాయవాదిగా ఆ క్షణంలో నేను ముందు చేయాల్సింది హద్దు గీయడం. బెయిల్ షరతు తప్పించుకునే పథకంలో నేను భాగం కాలేను. నేరం చేయడం కోసం న్యాయవాదితో చెప్పిన మాటలకు చట్టం గోప్యత ఇవ్వదు. ఇంకొక్క మాట చెప్పకముందే ఆ సంగతి ఆయనకు చెప్పాను. తర్వాత, "వెళ్లిపోతానని నాతో చెప్పకండి. వెళితే ఏమవుతుందని అడగండి. అది చట్టం ప్రశ్న, దానికి జవాబు చెబుతాను," అన్నాను.

మందలించి లేచి వచ్చేయడం సులువు. కానీ అలా చేస్తే ఆయన సోమవారం వెళ్లిపోయేవారు. చదువుకున్న మనిషి తొంభై మాత్రలు లెక్కపెట్టుకునే దాకా వచ్చారంటే, కోర్టు మీద, నా మీద నమ్మకం పోయిందనే అర్థం.

ఎంబసీ గేటు లోపల ఏముంది

ఎంబసీ అంటే ఆ దేశపు నేల అని ఆయన నమ్మకం. చాలామంది నమ్మకం అదే. నేల మనదే. 1961 నాటి వియన్నా ఒడంబడిక 22వ అధికరణం ప్రకారం, రాయబారి ఒప్పుకోకుండా మన పోలీసులు లోపలికి వెళ్లకూడదు. లోపలున్న మనిషికి దక్కే రక్షణ అంతవరకే. ఆ ఒడంబడికలో దౌత్య ఆశ్రయం అనే హక్కే లేదు. పైగా, ఎంబసీ ఆవరణను దౌత్య విధులకు సరిపడని పనులకు వాడకూడదని 41వ అధికరణం చెబుతుంది. గేటు బయట కాపలా ఉండేది ఢిల్లీ పోలీసులు. లోపలికి వెళ్లినవాడు విమానాశ్రయానికి వెళ్లాలంటే ఆ గేటు దాటే రావాలి.

ఆయన భార్య హైస్కూలులో సోషల్ చెబుతారు. "నేపాల్ రాజు మన ఎంబసీలోనే కదండీ తలదాచుకున్నది? మాల్దీవుల నషీద్ కూడా," అన్నారు. మంచి ప్రశ్న. 1950 నవంబరులో రాజు త్రిభువన్ ఖాట్మండులోని మన రాయబార కార్యాలయంలోకి వెళ్లి, కొద్దిరోజుల్లో విమానంలో ఢిల్లీ చేరారు. కానీ ఆయన వెనుక మన ప్రభుత్వం మొత్తం నిలబడింది. మాల్దీవుల మాజీ అధ్యక్షుడు నషీద్ 2013 ఫిబ్రవరి 13న మాలేలోని మన హైకమిషన్‌లోకి వెళ్లి, పది రోజులుండి బయటికొచ్చారు. మార్చి మొదటి వారంలోనే అరెస్టయ్యారు. ఒక రాజో, మాజీ అధ్యక్షుడో మరో దేశపు తలుపు తట్టడం వేరు, దొంగ ఇన్వాయిస్ కేసులో నిందితుడు తట్టడం వేరు.

ఢిల్లీ చరిత్ర కూడా చెప్పాను. స్టాలిన్ కుమార్తె స్వెత్లానా 1967 మార్చి 6న ఢిల్లీలోని అమెరికా ఎంబసీలోకి నడిచి వెళ్లి, ఆ రాత్రే విమానంలో దేశం దాటారు. ఆమె చేతిలో పాస్‌పోర్టు ఉంది, మీద కేసు లేదు. ఈయన పాస్‌పోర్టు కోర్టు బీరువాలో ఉంది. అదే ఏడాది చివర సోవియట్ యువకుడొకరు అదే ఎంబసీని ఆశ్రయించాక, తమ ఆవరణలో ఆశ్రయం ఇచ్చే హక్కు రాయబార కార్యాలయాలకు ఉన్నట్టు భారతదేశం గుర్తించదని విదేశాంగ శాఖ అన్ని ఎంబసీలకూ రాసి పంపింది. అంటే లోపలికి రానిచ్చిన దేశం మన ప్రభుత్వంతో గొడవకు సిద్ధపడాలి. ఎవరికోసం సిద్ధపడుతుంది?

లాటిన్ అమెరికా పేరు ఊరికే రాలేదు. ఆశ్రయాన్ని నిజంగా ఒడంబడికగా రాసుకున్న ప్రాంతం అది. పెరూ నాయకుడు అయా దె లా తొర్రె 1949 జనవరిలో లీమాలోని కొలంబియా ఎంబసీలోకి వెళ్లారు. నేరం రాజకీయమా కాదా అన్నది కొలంబియా తానొక్కతే తేల్చలేదని అంతర్జాతీయ న్యాయస్థానం 1950లో చెప్పింది. ఆశ్రయం ముగించాల్సిందే గానీ, మనిషిని అప్పగించాల్సిన బాధ్యత కొలంబియాకు లేదని 1951లో చెప్పింది. రెండు తీర్పుల మధ్య ఇరుక్కుని ఆయన అయిదేళ్లు ఆ భవనంలోనే ఉన్నారు, 1954 దాకా. ఆ ఏడాదే కారకాస్‌లో ఆశ్రయం ఒడంబడిక వచ్చింది. సాధారణ నేరాల్లో విచారణ ఎదుర్కొంటున్నవారికి ఆశ్రయం ఇవ్వకూడదని, చర్య నిజంగా రాజకీయమైతే తప్ప, దాని 3వ అధికరణం అంటుంది. ఆ ఒడంబడిక మన దేశానికి వర్తించదు. వర్తించినా, దాని మాట ప్రకారమే బ్యాంకు మోసం నిందితుడికి ఆ తలుపు మూసి ఉంది.

చివరగా వికీలీక్స్ స్థాపకుడు అసాంజ్. ఆయన పేరు ఎత్తింది కక్షిదారే. మధ్యవర్తి కూడా ఆ పేరే చెప్పాడట. స్వీడన్‌కు అప్పగించే ఆదేశంపై బ్రిటన్ కోర్టుల్లో దారులు మూసుకుపోయాక, బెయిల్ మీద ఉన్న అసాంజ్ 2012 జూన్ 19న లండన్‌లోని ఈక్వడార్ ఎంబసీలోకి వెళ్లారు. ఆగస్టులో ఈక్వడార్ ఆశ్రయం ఇచ్చింది. బ్రిటన్ బయటికి దారి ఇవ్వలేదు. ఏడేళ్లకు కొద్ది తక్కువగా గదుల్లోనే గడిపాక, 2019 ఏప్రిల్ 11న ఈక్వడారే ఆశ్రయాన్ని రద్దు చేసి పోలీసులను లోపలికి పిలిచింది. బెయిల్ షరతు తప్పినందుకు 50 వారాల శిక్ష పడింది. అమెరికాకు అప్పగించడానికి వీల్లేదని 2021 జనవరి 4న ఒక జడ్జి తీర్పిచ్చినా, రెండు రోజులకే బెయిల్ నిరాకరించారు, ఒకసారి పారిపోయిన మనిషి అన్న కారణంతో. కేసు గెలిచిన వారంలోనే పాత గేటు ఆయనకు అడ్డు తగిలింది.

ఈ మాట దగ్గర ఆయన తలెత్తారు. కానీ నిజంగా కదిలించింది తర్వాతి మాట. అసాంజ్‌కు జామీను ఉన్నవారిలో తొమ్మిది మందిని 93,500 పౌండ్లు కట్టమని కోర్టు ఆదేశించిందని చెప్పాను. ఆమె మాట్లాడకుండా సంచి జిప్పు లాగేశారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఆమె అన్నయ్యది.

హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో కార్డినల్ మిన్‌సెంటీ అనే క్యాథలిక్ మతాధిపతి 1956 నుంచి 1971 దాకా అమెరికా ఎంబసీలో ఉన్నారు. ఆ సంగతి ఆ రోజు చెప్పలేదు. చెప్పి ఉంటే బెదిరించినట్టు అయ్యేది. తొంభై మాత్రలు చాలవని వాళ్లకు అప్పటికే అర్థమైంది.

భయం ఎక్కడుంది

ఎంబసీ వద్దని ఒప్పించడంతో పని అయిపోలేదు. వెళ్లాలనుకున్న కారణం అలాగే ఉంది. "అక్కడ జైలంటే భయమా, ఇంకేదైనా ఉందా?" అని అడిగాను. చాలాసేపు నసిగారు. తర్వాత ఫోనులో ఒక సందేశం తీసి బల్ల మీద పెట్టారు.

అది పాత భాగస్వామి పంపినది, అప్పగింత విన్నపం రావడానికి ముందు. వాటా తగాదా గురించి నోరు మూసుకోకపోతే ఏమవుతుందో రాశాడు. నువ్వొకసారి ఇక్కడికి వస్తే చాలు, ఇంకో రెండు వ్యవహారాలు నీ మీద తెరిపిస్తానని ఆ రెండింటినీ పేర్లతో చెప్పాడు. ఆ రెండూ అప్పగింత విన్నపంలో లేవు.

పద్నాలుగు నెలలుగా ఇది నాకెందుకు చూపించలేదని అడిగాను. దాని కింద కక్షిదారు రాసిన జవాబు నిండా బూతులు. అది చూస్తే నా దగ్గర, కోర్టులో మర్యాద పోతుందని దాచారు. ఆ సిగ్గు వెనుక మా కేసులోని అత్యంత బలమైన కాగితం ఉండిపోయింది.

పని చేసినది

ఫోనును కదిలించకుండా, సందేశాన్ని బూతులతో సహా ముద్రించి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన ధ్రువపత్రంతో సిద్ధం చేశాం. దాన్ని ఎక్కడ వాడాలన్నది ఈసారి జాగ్రత్తగా ఆలోచించాను. మేజిస్ట్రేట్ ముందు వాడితే, ఇది నేరం నిజమా కాదా అన్న చర్చ, మా పరిధిలోకి రాదు అనే అవకాశం ఉంది. సెక్షన్ 7 ప్రకారం నిందితుడు లిఖితపూర్వక వివరణ ఇస్తే, మేజిస్ట్రేట్ దాన్ని తన నివేదికతోపాటు కేంద్రానికి పంపాలి. సందేశాన్ని ఆ వివరణకే దాచాను.

మేజిస్ట్రేట్ ముందు పొడి వాదన నడిపాను. 5 అభియోగాల్లో ఒకటి కంపెనీ పత్రాలు ఆలస్యంగా దాఖలు చేయడం. దానికి జైలుశిక్షే లేదు కాబట్టి అది అప్పగించదగిన నేరం కాదు. రెండింటికి ఆ దేశపు చట్టం ప్రకారమే కాలపరిమితి దాటింది. అలాంటప్పుడు అప్పగించకూడదని సెక్షన్ 31 నేరుగా చెబుతుంది. దీనికి అక్కడి న్యాయవాది ఒకరి అభిప్రాయం తెప్పించాం. ఆయన మూలభాషలోని అభియోగ పత్రాన్ని చదివి, ఆంగ్ల అనువాదంలో ఒక తేదీ ఒక సంవత్సరం తర్వాతిదిగా పడిందని పట్టుకున్నారు. మూలం ప్రకారం కాలపరిమితి దాటింది, అనువాదం ప్రకారం దాటలేదు. ఆ ఒక్క అంకె కోసం అభియోగ పత్రం రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టి, ఎర్ర పెన్సిలుతో గీసి మేజిస్ట్రేట్‌కు ఇచ్చాను. మూడు అభియోగాలూ పోయాయి.

మిగిలిన రెండింటికి ప్రాథమిక ఆధారాలు ఉన్నాయని మేజిస్ట్రేట్ తేల్చి, ఆయనను మళ్లీ తీహార్‌కు పంపారు. ఇది ఓటమి కాదని ఇంటివాళ్లకు నచ్చజెప్పడం ఆ ఏడాదిలో నేను చేసిన అతి కష్టమైన పని.

కేంద్రానికి వెళ్లిన వివరణలో రెండు కోరికలు పెట్టాం. దురుద్దేశం ఉంది కాబట్టి సెక్షన్ 29 కింద వదిలేయాలి. అది కుదరకపోతే, ఏ రెండు అభియోగాలకు అప్పగిస్తున్నారో వాటికి తప్ప వేరే దేనికీ, ముఖ్యంగా సందేశంలో పేరు పెట్టిన ఆ రెండు వ్యవహారాలకు, విచారించబోమని ఆ దేశం నుంచి రాతపూర్వక హామీ తీసుకోవాలి. అప్పగించిన నేరానికే విచారించాలన్న నియమం చట్టంలోనూ ఒప్పందంలోనూ ఎలాగూ ఉంది. అయినా ఆ రెండు వ్యవహారాలను పేరు పెట్టి రాయించడం మా లక్ష్యం, ఆయన నిద్ర పోగొట్టినవి అవే కాబట్టి. మొదటిది దక్కలేదు. రెండోది దక్కింది. ఢిల్లీ జైలు కాలాన్ని శిక్షలో లెక్కిస్తామని, మన కాన్సులేట్ అధికారులను కలవనిస్తామని కూడా హామీలో వచ్చింది. ఎనిమిది నెలల తర్వాత ఆయనను అప్పగించారు.

ఆయన వెంట ఒక కాగితం పంపాను. పోలీసు స్టేషన్ రిజిస్టరు ధ్రువీకృత నకలు. 118 సోమవారాలు, 118 సంతకాలు. మొదటి పేజీల్లో పూర్తి పేరు, చివరి పేజీల్లో పొడి అక్షరాలు, జ్వరం వచ్చిన వారం వంకర గీత. ఒక్క వారం కూడా ఖాళీ లేదు. అక్కడి కోర్టులో, విదేశీయుడు పారిపోతాడని ప్రాసిక్యూషన్ అన్నప్పుడు ఆయన న్యాయవాది ఆ నకలు తీసి ఇచ్చారు. బెయిల్ వచ్చింది. ఆ శుక్రవారం సంచితో చాణక్యపురికి వెళ్లి ఉంటే ఈ కాగితం ఉండేది కాదు.

ఒక అభియోగం కొట్టేశారు. రెండోదానిలో శిక్ష పడింది. ఢిల్లీలో గడిపిన 11 నెలల జైలు ఆ శిక్ష కన్నా కొంచెం ఎక్కువ. అరెస్టయిన రోజు నుంచి ఇల్లు చేరేసరికి నాలుగేళ్లు దాటింది.

మధ్యవర్తికి ఇచ్చిన డబ్బు మాత్రం పోయింది. అతను చూపించిన ఎంబసీ ఉత్తరం ఎవరైనా ఉచితంగా తెరవగలిగే ఈమెయిలు నుంచి వచ్చినదని తర్వాత తేలింది. ఫిర్యాదు చేస్తే పారిపోయే ఆలోచన బయటపడి బెయిల్‌కు ముప్పు రావచ్చు, చేయకపోతే అతను మరో కుటుంబాన్ని పట్టుకుంటాడు. రెండూ చెప్పి నిర్ణయం వాళ్లకే వదిలాను. వాళ్లు ఫిర్యాదు చేయలేదు. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టలేను, అలాగని మనసు ఊరుకోనూ లేదు.

ఆ తర్వాత మార్చుకున్నవి

ఇప్పుడు మొదటి సమావేశంలోనే కక్షిదారును ఒంటరిగా కూర్చోబెట్టి, ఆ దేశం వెళితే దేనికి భయమో అడుగుతాను. వాస్తవాలకన్నా ముందు భయం అడగడం మొదట్లో వింతగా అనిపించింది. కానీ మనిషి దాచేది భయపడే చోటే. సందేశాలు, ఉత్తరాలు, సిగ్గుపడే జవాబులతో సహా తెమ్మంటాను. సెక్షన్ 31కి, సెక్షన్ 29కి రెండు వేర్వేరు ఫైళ్లు తెరుస్తాను. అభియోగ పత్రం మూలభాష ప్రతిని మొదటి నెలలోనే చదివిస్తాను, అనువాదం ఎంత శుభ్రంగా ఉన్నా.

ఎంబసీ ఆశ్రయం గురించి ఎవరైనా అడిగితే కొట్టిపారేయను. ప్రాణభయమున్న అసమ్మతివాదికి ఆ తలుపు నిజంగా ప్రాణం నిలిపిన సందర్భాలున్నాయి. చరిత్రలో తెరుచుకున్నది ఎక్కువగా అలాంటివారికే. 2024 ఏప్రిల్‌లో ఈక్వడార్ పోలీసులు కీటోలోని మెక్సికో ఎంబసీలోకి జొరబడి మాజీ ఉపాధ్యక్షుడు హోర్హే గ్లాస్‌ను పట్టుకుపోయాక, ఆ తలుపు ఎంత గట్టిదో కూడా వచ్చినవారికి చెప్పాల్సి వస్తోంది.

జామీను ఉండేవారిని బెయిల్ వచ్చిన వారంలోనే నా ఆఫీసుకు పిలుస్తున్నాను. తెలుగులో ఒక పేజీ రాసి ఉంచాను. మీరు సంతకం చేసింది ఎంతకు, ఆ మనిషి ఒక వాయిదాకు రాకపోతే ఏమవుతుంది, ఎవరైనా ఎంబసీ పేరు చెప్పి డబ్బు అడిగితే మొదట ఎవరికి ఫోను చేయాలి. ఆ పేజీని మొదట చదివించి చూసుకున్నది ఈ కేసులోని బావమరిది చేతే. రెండు మాటలు అర్థం కాలేదన్నారు, మార్చాను. అప్పటికి ఆయన ఫిక్స్‌డ్ డిపాజిట్ పత్రం కోర్టు నుంచి తిరిగి వచ్చింది.